గట్టు లేని బావగారి చదరంగం

పెద్దింట్లమ్మ తల్లి మీద ఒట్టు పెట్టి, తూర్పుకి తిరిగి నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టుకున్నంత నిష్ఠగా చెబుతున్నాను, ఇప్పుడు రాయబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. ఇంత ఒట్టు ఎందుకంటే, తాడేపల్లిగూడెంలో నన్ను ఎరిగినవాళ్ళు నేనేం చెప్పినా అందులో సగం కోసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ ఒకసారి జల్లించుకుని గానీ నమ్మరు. కొల్లేట్లో నేను పట్టిన కొర్రమేను పొడుగు చెప్పడం మొదలుపెడితే మా ఆవిడ వచ్చి నా పక్కనే నిలబడి, నా చేతులు ఎంతవరకు చాచవచ్చో తనే నిర్ణయిస్తుంది. అలాంటి నాకు కిందటి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఇంటి వసారాలో, ఎంతసేపటికీ నోట మాట రాలేదు. ఆ సంగతి మా ఆవిడే ఇరుగు పొరుగుకి చెప్పింది, నేను చెబితే ఎవరూ నమ్మరని.

ఆ రోజు మా మేనకోడలు వచ్చింది. మా అక్క కూతురు, ఏలూరులో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. వాళ్ళ నాన్నగారు, అంటే మా బావగారు, ఆకివీడు దగ్గర చేపల చెరువులు కౌలుకి చేస్తారు. ఆ ఇంట్లో అటక దులుపుతుంటే పాత ట్రంకుపెట్టెలో ఒక కాగితాల కట్ట దొరికిందట. రెండు అంచుల వెంబడీ చిల్లులుండి, ఒకదానికొకటి అతుక్కుని మడతలు మడతలుగా విప్పుకునే ఆ కాలపు ప్రింటరు కాగితం నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అంచు చింపితే చర్రుమని చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు కోసమే చింపేవాళ్ళం. ఆ కాగితాల నిండా రెండు చదరంగం ప్రోగ్రాములు. ఒకటి నాది, ఒకటి బావగారిది. అమ్మాయి ఆ రెండింటినీ కూచుని టైపు చేసి, తన లాప్‌టాప్‌లో నడిపించి చూసి, చూసినదాన్ని ఫోనులో చెబితే సరిపోదని బస్సెక్కి గూడెం వచ్చింది. అదేమిటో చెప్పాలంటే ముందు ఆ ప్రోగ్రాముల పుట్టుక చెప్పాలి, లేకపోతే నేను ఎందుకు బిగుసుకుపోయానో మీకు బోధపడదు.

ముప్పై ఏళ్ళు దాటిన మాట. ఏలూరులో ఒక బట్టల కొట్టు మేడ మీద కంప్యూటరు సెంటరు ఉండేది. చెప్పులు మెట్ల కిందే విప్పేసి, ఆ ఏసీ గదిలోకి గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. అక్కడున్న మిషన్లలో పెద్దది ఒకటి, త్రీ ఎయిటీ సిక్స్. దానికో ప్లాస్టిక్ తొడుగు, తొడుగు మీద ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు సెంటరు నడిపే మేష్టారు స్వయంగా తాటాకు విసనకర్రతో దానికి విసిరేవారు, మేం చెమటలు కక్కుతూ పక్కన నిలబడేవాళ్ళం. ఇది కోత కాదండీ, ఒట్టు వేశానని గుర్తు చేస్తున్నాను. నేను గూడెం నుంచి పాసింజరు బండిలో వచ్చేవాణ్ణి, బావగారు ఆకివీడు నుంచి కైకలూరు మీదుగా, కొల్లేరు నడుమ నుంచి పోయే రోడ్డు మీద బస్సులో వచ్చేవారు. కోర్సు అయిపోయినా ఇద్దరం ఆ గదిని వదల్లేక, కొత్తవాళ్ళకి నేర్పే నెపంతో అక్కడే తిరుగుతుండేవాళ్ళం. అక్కకీ ఆయనకీ పెళ్ళయి అప్పటికి ఏడాది.

అంతలో సెంటరులో పాఠం చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. తగినవాళ్ళం మేమిద్దరమే. మా నాన్నగారు ఆ ఏడాదే పోయారు, ఇంట్లో అమ్మా, చదువుకునే తమ్ముడూ, నేనూ. బావగారికి కొల్లేట్లో వాళ్ళ నాన్నగారి చెరువులు ఉన్నాయి గానీ, ఆయనకి నీళ్ళలో దిగి బతకాలని లేదు, మనసంతా లెక్కల మీదే. ఆ ఉద్యోగం దొరికితే అక్కని తీసుకుని ఏలూరులో కాపురం పెట్టాలని ఆయన అనుకుంటున్నారని అక్క నాకు చెప్పింది, చెప్పి, నీకూ కావాలి కదరా అని తనే నాలిక్కరుచుకుంది. మేష్టారికి చదరంగం పిచ్చి. ఇద్దరూ చెరో చదరంగం ప్రోగ్రాము రాయండి, ఒక ఆటని మధ్యలో ఆపి ఇస్తాను, అక్కణ్ణించి ముందుకు నాలుగు ఎత్తుల దాకా ఉన్న దారులన్నీ చూసి ఎవరిది ముందు తేలుస్తుందో వాళ్ళదే కుర్చీ అన్నారు.

నేను వరిచేల మధ్య పెరిగినవాణ్ణి, నాకు చదరంగం బల్ల చేనులా కనపడింది. అరవై నాలుగు గళ్ళు పేర్చి, వాటి చుట్టూ ఇంకొన్ని ఉత్తి గళ్ళు వేసి, ఆ ఉత్తి గళ్ళకి గట్టు అని పేరు పెట్టాను. ఏనుగు ఒక్కో గడీ నడుచుకుంటూ పోతుంది, గట్టు తగలగానే ఆగుతుంది. గుర్రం రెండు గళ్ళు దూకుతుంది కాబట్టి పైనా కిందా గట్టు రెండు వరసల మందం వేశాను. చూసినవాడికి ఎవడికైనా అర్థమయ్యే పని.

బావగారు కొల్లేటి మనిషి. ఆయన గళ్ళని గళ్ళుగా చూడనే లేదు. అరవై నాలుగు గళ్ళకి అరవై నాలుగు అంకెలు ఒకే వరసలో, తెల్ల బంటు ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా, ఆ వరస మొత్తం కలిపి ఒకే ఒక్క సంఖ్య. తెల్ల బంట్లకి ఒక సంఖ్య, నల్ల గుర్రాలకి ఒక సంఖ్య, అలా ఒక్కో జాతికి ఒక్కొక్కటి. నేను ఎనిమిది బంట్లని ఒక్కొక్కదాన్నీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, ఆయన సంఖ్యని ఎనిమిది స్థానాలు ఒక్కసారి జరిపేవారు, ఎనిమిది బంట్లూ ఒకేసారి అడుగు వేసేవి. ఈ అంచున ఉన్నది జారి ఆ అంచున తేలకుండా మరో సంఖ్యని దాని మీద పరిచి అక్కర్లేనివి తుడిచేసేవారు. దానికి ఆయన పెట్టిన పేరు వల.

చిక్కంతా మిషనుతో వచ్చింది. అది ఒక్కసారికి ముప్పై రెండు అంకెలే పట్టగలదు. కొల్లేటి లంకల నుంచి తాటి దోనె మీద చేపల బుట్టలు ఒడ్డుకి చేర్చేటప్పుడు, బుట్టలు అరవై నాలుగుండి దోనెలో ముప్పై రెండే పడితే రెండు విడతలు వెయ్యాలి కదా, అలాగన్నమాట. బావగారు ప్రతి సంఖ్యనీ రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి ఎగువ, ఇంకో ముక్కకి దిగువ అని పేర్లు పెట్టారు. ఆయనకి టైపు ఒంటివేలితో గానీ రాదు, అందుకని ఆయన కాగితం మీద రాసిస్తే నేను కొట్టిపెట్టేవాణ్ణి. పోటీదారుడి చేత టైపు చేయించుకున్నవాడు మా బావగారొక్కరే అయి ఉంటారు. నేను ఎగువ అంటే పెద్ద అంకెలు అనుకుని కొట్టుకుంటూ పోయాను. కొల్లేటివాళ్ళకి నీళ్ళు ఎగువ నుంచి వస్తాయి, కాబట్టి ఆయన లెక్క మొదలయ్యేదే ఎగువన, సున్నా నుంచి. నడిపించి చూస్తే ఆయన బంట్లన్నీ వెనక్కి తిరిగి సొంత రాజు మీదకి నడిచాయి. రెండు రోజులు తల పట్టుకున్నాక ఎక్కడ తప్పిందో దొరికింది. అది నేను కావాలని చేసిన పని కాదు, ఇప్పటికీ మా తమ్ముడు నమ్మడు.

పోటీ రోజున మేష్టారు గోడ గడియారం కింద కుర్చీ వేసుకున్నారు. సెంటరులో చదివేవాళ్ళంతా గోడలకి అంటుకుని నిలబడ్డారు. ముందు నాది నడిపించారు. నేను కిందికి దిగి, టీ తాగి, కొట్టువాడితో వానల గురించి రెండు ముక్కలు మాట్లాడి పైకి వచ్చేసరికి అది తేల్చేసింది. తరవాత బావగారిది. నేను మళ్ళీ దిగి టీ తాగాను. బస్టాండు దాకా నడిచి అరటిపళ్ళు కొన్నాను. పైకి వచ్చి ఒకటి తిని, తొక్క ఎక్కడ వెయ్యాలో తోచక మళ్ళీ కిందికి వెళ్ళి వేసి వచ్చినా తెర మీద చుక్క మెరుస్తూనే ఉంది. నా మధ్యాహ్నం బండి వెళ్ళిపోయింది. బావగారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా ఆ చుక్కనే చూస్తూ కూచున్నారు. చివరికి జవాబు వచ్చింది. ఇద్దరి జవాబూ ఒకటే, ఒక్క ఎత్తు కూడా తేడా లేదు. తేడా అంతా పట్టిన కాలంలోనే.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. చేతిలో ఇంకో అరటిపండుతో, అందరూ వినేట్టు అన్నాను.

"గట్టు లేనిదాన్ని చేను అనరండీ బావగారూ, బురద అంటారు."

గది గదంతా నవ్వింది. మేష్టారు నవ్వారు. బావగారూ నవ్వారు. ఆ సాయంత్రానికల్లా ఆయన పేరు గట్టులేని బావగారు. ఆ పేరు ఆయన కంటే ముందు బస్సెక్కి ఆకివీడు చేరింది. మా చుట్టాల పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో కూచుని, గట్టులేని బావగారికి ఇంకాస్త పప్పు వెయ్యండి అనేవాళ్ళు. నేను ఆ కుర్చీలో కూచుని, తరవాత గూడెంలో నా సొంత సెంటరు పెట్టుకుని, వచ్చిన ప్రతి బ్యాచికీ బల్ల ఎలా పేర్చాలో చెబుతూ, పేర్చకూడని పద్ధతికి ఉదాహరణగా బావగారి ప్రోగ్రామునే చూపించాను, ఇన్నేళ్ళూ. బావగారు మళ్ళీ కంప్యూటరు ముందు కూచోలేదు. లెక్కల పుస్తకాలు ట్రంకులో పెట్టి, వాళ్ళ నాన్నగారి చెరువుల్లోకి దిగారు.

ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. సరస్సుని మళ్ళీ సరస్సు చేస్తామని సర్కారువాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించేసిన ఏడాది, పొక్లెయిన్లు వచ్చి బావగారి గట్లు కూడా కొట్టేశాయి. నేను వెళ్ళేసరికి చేపలూ నీళ్ళూ కలిసి సరస్సులో పడిపోయాయి, బావగారు రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు. ఆ రోజు నుంచి ఆయన్ని ఆ పేరుతో పిలవడం అందరూ మానేశారు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే మానేశారు. పిలిచినన్నాళ్ళూ నాకు ఏమీ అనిపించలేదు గానీ, మానేశాక మాత్రం ఆయన ఎదురుపడితే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

ఇక ఆ ఆదివారానికి వస్తాను. అమ్మాయి లాప్‌టాప్ తెరిచి, రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టి, కట్ట చివరి కాగితం మీద బావగారు రాసి పెట్టుకున్న, మేష్టారు ఇచ్చిన అదే ఆటని ఎక్కించి మీట నొక్కింది. నేను అలవాటు చొప్పున టీకి లేవబోయాను. లేవకముందే రెండూ అయిపోయాయి. నా మధ్యాహ్నం బండి తప్పించిన లెక్క, నేను కుర్చీలోంచి సగం లేచేలోపు అయిపోయింది. అదొక దెబ్బ అనుకుంటే, ఇలా తేడా తెలీదు మావయ్యా అని, అమ్మాయి ఈసారి ఇంకా చాలా ఎత్తులు ముందుకి చూడమని రెండింటినీ తోలింది. మా ఆవిడ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో బావగారిది తేల్చేసింది. పాలు పొంగాయి, కాఫీ కలిసింది, తాగాం, గ్లాసులు కడిగి బోర్లించడం కూడా అయింది, నాది ఇంకా నడుస్తూనే ఉంది. నా గట్టు వెంబడి నా ఏనుగు ఒక్కో గడీ తడుముకుంటూ నడుస్తూనే ఉంది. జవాబులు మళ్ళీ ఒకటే.

ఎక్కడో తప్పు కొట్టి ఉంటావు అన్నాను. అమ్మాయి మళ్ళీ నడిపింది. మళ్ళీ అంతే. అమ్మాయి పాఠం చెప్పే గొంతుతో, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇప్పటి చిప్పు అరవై నాలుగు అంకెల్నీ ఒక్క గుక్కలో పడుతుందట. అందుకని నాన్నగారి ఎగువ, దిగువ ముక్కలు రెండూ అతికేసి ఒక్కటి చేసిందట, అంతకు మించి ఆయన రాసినదాంట్లో తను చెయ్యి పెట్టింది లేదట. ఆ వరసలో ఒకట్లు ఎక్కడున్నాయో వెతకడానికి మా పాత మిషను ముప్పై తిప్పలు పడేది కదా, ఇప్పటి చిప్పుకి ఆ పని పుట్టుకతోనే వచ్చునట, ఒకే ఆజ్ఞ చాలునట. అలాగని అన్ని చిప్పులూ ఒక తీరు కావుట. వలలో పడ్డవాటిని ఒకచోటికి నెట్టే కొత్త ఆజ్ఞ ఒకటి విడిగా వాడి చూస్తే, కాలేజీలో ఒక కంపెనీ మిషనులో రివ్వున పోయిందట, ఇంకో కంపెనీ పాత రకం మిషనులో అదే ఆజ్ఞ వాడనప్పటి కంటే వెనకబడిందట. అంతటితో ఆగకుండా, చెరువు నీళ్ళలో గాలి కలిపే మోటార్లని వేస్తూ ఆపుతూ ఉండే చిన్న పెట్టె ఉంటుంది కదా, అందులో ఉండే చిప్పు లాంటిదే తెచ్చి, దానిమీద కూడా రెండింటినీ నడిపి చూసిందట. అది మళ్ళీ ముప్పై రెండే పట్టే రకం. దాని మీద మాత్రం నాది కాస్త ముందు వచ్చిందట. నేనింకా పూర్తిగా మునగలేదని చెప్పడానికే అమ్మాయి ఆ చివరి మాట చెప్పిందని నాకు తెలుసు.

"ఆ రోజు ఓడింది మిషనండీ, నాన్నగారు కాదు," అంది.

నేను వెంటనే ఒక కథ అల్లడం మొదలుపెట్టాను. అప్పట్లో అలాంటి చిప్పు వస్తుందని ఎవరు కలగన్నారు, ఎవరికీ తెలియని విషయానికి ఎవరినీ తప్పు పట్టలేం, నేనూ బావగారూ ఇద్దరమూ చీకట్లో నడిచినవాళ్ళమే, ఆయనకి మాత్రం తెలుసా ఏమిటి అని. అమ్మాయి ఆ కాగితాల కట్ట విప్పి, ఎగువా దిగువా ఉన్న చోట అంచున పెన్సిలుతో రాసిన రెండు వరసలు చూపించింది. బావగారి అక్షరాలు, ముత్యాల్లాంటివి, నాకు తెలియనివి కావు.

"అరవై నాలుగూ ఒకేసారి పట్టే మిషను వచ్చినప్పుడు ఈ రెండు పేజీలూ కొట్టెయ్యాలి. అప్పుడు ఇదే ముందు వస్తుంది."

కింద తేదీ ఉంది. పోటీకి మూడు రోజుల ముందుది.

నాకు మాట పడిపోయింది అంటే నమ్మండి. ఆయనకి తెలుసు. ఆ చుక్కని చూస్తూ కూచున్నంతసేపూ తెలుసు. నేను అరటిపండుతో నిలబడి బురద అన్నప్పుడు తెలుసు, గది నవ్వుతుంటే తనూ నవ్వినప్పుడు తెలుసు. మేష్టారు కొత్త సంగతి ఏది చెప్పినా చెవి కోసుకునే మనిషి. ఆ రెండు వరసలూ మేష్టారి ముందు పెట్టి, ఇప్పటికి ఆలస్యం గానీ రేపటికి ఇదేనండీ అని ఒక్క మాట అంటే చాలు, కుర్చీ ఎటు తిరిగేదో నాకు తెలుసు. బావగారు ఆ మాట అనలేదు. మా నాన్నగారు పోయి అప్పటికి ఆరు నెలలు. మామగారు పోయిన ఇంట్లో బావమరిదికి అందిన ముద్ద లాక్కోకూడదని, ఏలూరు కాపురం వదులుకుని, తను ఇష్టపడని నీళ్ళలోకి దిగి, పైగా నేను పెట్టిన పేరు ఏళ్ళ తరబడి మోశారు. ఇన్నేళ్ళలో నేను చెప్పిన కోతలన్నీ కలిపినా ఆయన చెప్పకుండా ఉన్న ఆ ఒక్క మాట అంత ఉండవు.

ఆ వారమే ఆకివీడు వెళ్ళాను. బావగారు చెరువు గట్టు మీద ఉన్నారు, మేత బస్తాలు దింపిస్తున్నారు. పనివాళ్ళు వెళ్ళాక ఆ కాగితం చేతిలో పెట్టాను. కళ్ళకి దూరంగా పట్టుకుని, ఆ పెన్సిలు రాత చదివారు. ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

"తెలుసోయ్ బామ్మర్దీ. అయితే ఆ మిషను వచ్చేదాకా మీ ఇంట్లో పొయ్యి ఆగుతుందా?" అన్నారు. అని నవ్వారు, గట్టు మీద కొంగలు లేచిపోయేంత గట్టిగా.

ఆ నవ్వుతో నా గుండె తేలికపడింది. తిరుగు బండిలో కూచుని ఏవేవో ఆలోచించుకున్నాను. మా రోజుల్లో ఊరు మొత్తానికి మంచి మిషను ఒక్కటే ఉండేది, దాని ముందు మన వంతు వచ్చేలోపు కాగితం మీద పదిసార్లు రాసి పదిసార్లు కొట్టేసేవాళ్ళం, ఒక్క వరస తగ్గించడానికి సెంటరు మెట్ల దగ్గర్నుంచి ఏలూరు బస్టాండు దాకా వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు నా ఎదుటి బల్ల మీద కూచున్నాయన చేతిలో ఫోను, అందులో చదరంగం, అది మా మేష్టారినీ, బావగారినీ, నన్నూ కలిపి కూచోబెట్టినా చిత్తు చెయ్యగలదు. అందులో గట్టు ఉందో వల ఉందో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. తప్పు పట్టడం లేదు. కానీ తన పద్ధతి రైటని తెలిసి కూడా, ఎదుటివాడి ఇంట్లో పొయ్యి వెలగాలని దాన్ని ట్రంకులో పెట్టేసే మనిషి ఇప్పటి పిల్లల్లో ఉంటే మాత్రం, ఆ సంగతి కాగితం అంచున కూడా రాసి పెట్టడు, కాబట్టి ఎప్పటికీ ఎవరికీ తెలీదు.

ఇక ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఇందులో ఒక ముక్క కల్పన. విసనకర్ర కాదు, బంట్లు వెనక్కి నడవడం కాదు, లాప్‌టాప్ లెక్కలు కాదు, పెన్సిలు రాత అసలే కాదు, అవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. నేను కల్పించింది చెరువు గట్టు మీద మాటలు. ఆకివీడు వెళ్ళిన మాట నిజం. బావగారి పక్కన గట్టు మీద నిలబడిన మాటా నిజం. కాగితం నా జేబులోనే ఉంది. విశేషాలేంటోయ్ అని ఆయన అడిగితే, ఏం లేవండీ, ఇలాగే ఒకసారి చూసిపోదామని వచ్చాను అన్నాను. అక్క పెట్టిన చేపల పులుసు తిని, రొయ్య రేటు గురించి మాట్లాడి, బండెక్కి వచ్చేశాను. పొయ్యి అన్న మాట ఆయన అనలేదు, నేను అడగందే ఆయన అనరు. నవ్వలేదు కూడా.

నోటితో చెప్పలేక రాసి పంపుతున్నాను. మా ఇంటికి వచ్చే ఈ పత్రిక ఆ ఇంటికీ వస్తుంది, బావగారికి చూపు తగ్గాక ప్రతి ఆదివారం అక్కే చదివి వినిపిస్తోంది. అక్కా, ఇక్కడిదాకా ఆపకుండా చదివి ఉంటే, ఒక్క నిమిషం కాగితం దించి ఆయన మొహం చూసి చెప్పు. నవ్వారా?